ఆడబిడ్డ అడిగిన గది

పెళ్ళికాని ఆడమనిషికి ఇల్లు అద్దెకివ్వకూడదన్న చట్టం ఏ పుస్తకంలోనూ లేదు. అయినా ఆ సంవత్సరం లింగంపల్లి స్టేషను మొదలు నల్లగండ్ల ఊరి చివరి దాకా ఆ చట్టాన్ని మీరిన ఇంటి యజమాని ఒక్కడూ కనిపించలేదు. లైసెన్సు లేకుండా రేడియో వినేవాళ్ళు, టిక్కెట్టు లేకుండా రైలెక్కేవాళ్ళు కూడా ఈ ఒక్క విషయంలో ఇంత క్రమశిక్షణ ఎలా పాటిస్తున్నారో నాగేశ్వరికి అంతుపట్టలేదు.

నాగేశ్వరిది రేపల్లె. కన్యాస్త్రీల బడిలో చదువుకుని, రామచంద్రపురం దగ్గర కొత్తగా పెరుగుతున్న ఒక పెద్ద కర్మాగారంలో టెలిఫోను ఆపరేటరుగా చేరింది. ఉద్యోగం ఇంకా తాత్కాలికమే. కంపెనీ క్వార్టర్లు పర్మనెంటు వాళ్ళకిస్తారు, అందులోనూ సంసారులకు. నగరంలో ఆడవాళ్ళ హాస్టళ్ళు ఉన్నాయి గాని, అక్కడినుంచి బయలుదేరే మొదటి బస్సు ఇక్కడికి చేరేసరికి పొద్దుటి షిఫ్టు సగం గడిచిపోతుంది. అందుచేత వరసకు బాబాయి అయిన నరసింహమూర్తిగారి క్వార్టరులో, వెనక వరండాలో, బియ్యం డబ్బాల పక్కన ఆమె పడక.

ఆ ఇంట్లో ఎవరూ ఆమెను చిన్నచూపు చూడలేదు. కానీ నెలాఖరుకు పిన్ని అమ్మణ్ణి చెల్లెలు పురిటికి వస్తోంది. ఆమెతో తల్లి, తర్వాత భర్త. అమ్మణ్ణి పిన్ని రోజూ సాయంత్రం ఎవరు ఎక్కడ పడుకోవాలో వేళ్ళమీద లెక్కవేసుకునేది. ఆ లెక్కలో వరండా రెండుసార్లు వచ్చేది. నాగేశ్వరి ఒక్కసారీ వచ్చేది కాదు. ఆవిడ తప్పేమీ లేదు, గదులే తక్కువ. నెలాఖరులోగా చోటు దొరక్కపోతే ఉద్యోగం వదిలి రేపల్లె బండి ఎక్కడం తప్ప మరో దారి లేదని నాగేశ్వరికి తెలుసు.

షిఫ్టు లేని పూటల్లో ఆమె ఇళ్ళవెంట తిరిగింది. ఒకాయన తల్లిని తోడు తెచ్చుకుంటే ఇస్తానన్నాడు. ఇంటి దగ్గర చిన్నపిల్లలూ, పాడిగేదే ఉన్నారు, అమ్మ కదలలేదండి అంటే, కాసేపు ఆలోచించి గేదెను కూడా తెచ్చుకోవచ్చన్నాడు, పెరడు పెద్దదేనట. ఇంకొకావిడ గది చూపించి, మంచినీళ్ళిచ్చి, ఊరూ పేరూ అడిగి, ఆఖరున "మీ ఆయన ఎప్పుడొస్తడు?" అంది. ఆయన ఇంకా లేడని తెలియగానే ఆ గది ఎవరికో మాటిచ్చినట్టు ఆవిడకు అప్పటికప్పుడు గుర్తొచ్చింది.

టెలిఫోను బోర్డు ముందు పక్క కుర్చీలో కూర్చునే భూలక్ష్మికి ఇదంతా వినోదంగానూ, కొంచెం కోపంగానూ ఉండేది. భూలక్ష్మి శేరిలింగంపల్లి పిల్ల, పెళ్ళైనది, ఏ చిక్కుకైనా అడ్డదారి తెలిసిన మనిషి. ఒకనాడు పని మధ్యలో సంచీలోంచి నల్లపూసల దండ తీసి నాగేశ్వరి ఒళ్ళో పడేసింది.

"ఇది మెడల ఏస్కో. మిలిట్రీల ఉన్నడని చెప్పు. ఎవ్వడు పోయి చూసొస్తడు?"

"సెలవుకు ఎప్పుడొస్తాడని అడిగితే?"

"యుద్ధం అయినంక వస్తడని చెప్పు."

"యుద్ధం అయిపోయి నాలుగేళ్ళయింది, భూలక్ష్మీ."

"అట్లయితే ఇంకో యుద్ధం కోసం ఎదురుచూస్తున్నడని చెప్పు. నీ ఎంబడి పెద్ద పరేషాన్ ఉన్నది తల్లీ. మొగుడున్నడని అబద్ధమాడవు, నిజంగ చేస్కోవు, గది మాత్రం కావాలె."

నాగేశ్వరి దండను మడిచి భూలక్ష్మి సంచీలోనే పెట్టింది. "అబద్ధం చెప్పి తీసుకున్న ఇంట్లో రోజూ దాన్ని కాపలా కాయాలి. వంట చేసుకోవాలి, షిఫ్టుకు వెళ్ళాలి, పైగా లేని మొగుడి యోగక్షేమాలు చెప్పాలి. నాకు అంత తీరిక లేదు. అయినా నేను చేసిన తప్పేమిటి, దాచుకోవడానికి?"

"తప్పు చేసినవాళ్ళకే ఇండ్లు దొరుకుతున్నయి, చూస్తలేవా?" అని భూలక్ష్మి మోగుతున్న లైను అందుకుంది. అయితే, మనసు ఊరుకోక, ఆ మధ్యాహ్నమే ఒక కబురు చెప్పింది. నల్లగండ్ల వీరేశం కొత్త ఇల్లు కడుతున్నాడు. కర్మాగారం గోడలకు బండలు తోలిన మనిషి. ఎద్దుబండ్లతో మొదలుపెట్టి ఇప్పుడు లారీ కొన్నాడు. రోడ్డువైపు రెండు గదులు వేరుగా కిరాయికని కట్టించాడట.

మర్నాడే నాగేశ్వరి వెళ్ళింది. బస్సు దిగి, జొన్నచేల మధ్య బాట పట్టి నడిస్తే ఊరి మొదట్లోనే ఆ ఇల్లు. ఇంకా సున్నం తడి ఆరలేదు. రోడ్డువైపు గదుల్లో ఒకటి చిన్నది. ఒక కిటికీ, కిటికీలోంచి ఎదురుగా నున్నటి నల్లబండల గుట్ట, మూలన పొయ్యిగట్టు. అన్నిటికంటే ముఖ్యం, ఆ గదికి వీధిలోకి వేరే తలుపు ఉంది. తలుపుకు గొళ్ళెం, గొళ్ళేనికి తాళం వేసుకునే కొండీ. నాగేశ్వరి కొండీని చేత్తో ఒకసారి ఆడించి చూసింది. ఈ తాళంచెవి తన దగ్గర ఉంటే, ఏ షిఫ్టునుంచి ఏ వేళ వచ్చినా ఎవరినీ నిద్రలేపకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా లోపలికి రావచ్చు. ఇన్నాళ్ళూ తాను వెతుకుతున్నది ఇదేనని ఆమెకు అప్పుడే తెలిసింది.

వీరేశం మంచివాడు. మంచివాడు కనుకనే కాదని చెప్పడానికి చాలా కష్టపడ్డాడు.

"చూడమ్మా, నీ మాట మంచిగున్నది, చదువుకున్న పిల్లవు. గని ఫ్యామిలీకే ఇయ్యాలని అనుకున్నం."

"నేనూ ఒక ఫ్యామిలీలోంచే వచ్చానండి."

"అది గాదు. ఒంటిగ ఉంటవు. పొద్దుమీకి పోతవు, నడిరాత్రి ఎప్పుడో వస్తవు. నలుగురు ఏమంటరు?"

"ఆ నలుగురూ ఎవరో చెప్పండి. నేనే వెళ్ళి అడిగి వస్తాను."

వీరేశం లెక్కపెట్టబోయి ఒక వేలు మడిచి, మళ్ళీ చెయ్యి దించుకున్నాడు. పక్కన తట్టలో పసుపు కలుపుతున్న భార్య భాగ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వకు. గాళ్ళు ఒక్కలా ఇద్దరా, చెప్పడానికి?" అన్నాడు వీరేశం.

"నలుగురని మీరే అన్నారండి," అంది నాగేశ్వరి.

భాగ్యమ్మ లేచి వచ్చింది. "ఏమనుకోకు పిల్లా. ఆయన మాట అట్లనే. సుక్కురారం మా ఇంట్ల పాలు పొంగిస్తున్నం. నువ్వు రా, అన్నం తిని పో. గది సంగతి తర్వాత." అని, పసుపు చేతితోనే నాగేశ్వరి నుదుట కుంకుమ పెట్టింది. అలా పెట్టి పిలిస్తేనే పిలుపు. నోటిమాటతో పిలిస్తే ఆ ఊళ్ళో పిలవనట్టే.

ఈ సంగతి వీరేశానికి ఎందుకు గుర్తులేకపోయిందో గాని, ఆ వారమంతా అతని ఇంటిమీద పడిన కష్టానికి మూలం అదే.

శుక్రవారం ఉదయం నాగేశ్వరి వెళ్ళేసరికి ఇల్లు మామిడాకులతో పచ్చగా ఉంది. ఆవును ముందు నడిపించి లోపలికి వెళ్ళడం అయింది. వంటింట్లో కొత్త పొయ్యి మీద పసుపు పూసిన ఇత్తడి గిన్నె, పక్కన చెంబులో పాలు, ఎండిన కట్టెలు. బయట పందిరి కింద ఊరి పెద్దలు తువ్వాళ్ళు భుజాన వేసుకుని కూర్చున్నారు. అంతా సిద్ధంగా ఉంది. పొయ్యి మాత్రం వెలగలేదు. పురోహితుడు రామచంద్రంగారు వాకిట్లో ఎండ ఎంత దూరం వచ్చిందో చూసి, మళ్ళీ వీరేశాన్ని చూశారు.

"వీరేశం, ముహూర్తం నీ అక్కలెక్క అలిగి ఆగది. నాకు శేరిలింగంపల్లిల ఇంకో ఇల్లున్నది."

సంగతి భాగ్యమ్మ నాగేశ్వరికి చెవిలో చెప్పింది. కొత్త ఇంట్లో పాలు పొంగించవలసింది ఇంటి ఆడబిడ్డ. వీరేశానికి ఆడపిల్లలు లేరు. ఒక్కతే అక్క, సత్తెమ్మ, పుప్పాలగూడలో ఇచ్చారు. లారీ పనుల్లో పడి వీరేశం స్వయంగా వెళ్ళి అక్కకు బొట్టు పెట్టి పిలవలేదు. అటు వెళ్ళే పాలవాడితో కబురు పంపాడు. "పాలోడు వచ్చి పిలిస్తే పాలోని ఇంటికి పోతగని, నా తమ్ముని ఇంటికి ఎందుకు పోత" అని ఆవిడ కబురు తిప్పిపంపింది. నిన్న సాయంత్రం వీరేశం ఆ తొందరలో కుంకుమ భరిణె కూడా లేకుండా పరుగెత్తి వెళ్ళాడు. ఆవిడ తలుపు తీయలేదు.

"చిన్నాయన బిడ్డలు ఇద్దరున్నరు గద," అన్నారు రామచంద్రంగారు. "ఎవ్వరో ఒకరు పొంగియ్యండి."

చిన్నాయన బిడ్డలిద్దరూ అక్కడే, చెరొక గుమ్మం దగ్గర, ఎదురుబొదురుగా నిలబడి ఉన్నారు. పెద్దదాన్ని పిలిస్తే చిన్నది వెళ్ళిపోతుంది. చిన్నదాన్ని పిలిస్తే పెద్దది భర్తనూ, అత్తగారినీ, వడ్డించడానికి వచ్చిన మరుదులనూ తీసుకుని వెళ్ళిపోతుంది. వీరేశం ఒకసారి ఈ గుమ్మం వైపు, ఒకసారి ఆ గుమ్మం వైపు చూసి, రెండు లారీల మధ్య ఇరుక్కున్న సైకిలులా మధ్యలో ఆగిపోయాడు.

అప్పుడు భాగ్యమ్మ నాగేశ్వరి చేయి పట్టుకుని ముందుకు తెచ్చింది.

"ఈ పిల్ల పొంగిస్తది. ఇటుదిక్కు గాదు, అటుదిక్కు గాదు. ఎవ్వరికి బాధ లేదు."

రెండు గుమ్మాల దగ్గరా ముఖాలు కొంచెం సడలాయి. తాను కాకపోవడం కంటే రెండోది కాకపోవడం ఆ ఇద్దరికీ ఎక్కువ ఊరట.

నాగేశ్వరి మాత్రం కదలలేదు. "ఒక్క నిమిషం ఉండండి. నాకు పెళ్ళి కాలేదండి," అంది. బోర్డు ముందు తప్పు నంబరు అడిగినవాళ్ళకు చెప్పే గొంతుతోనే చెప్పింది. "ఆ కారణంచేత ఈ ఇంట్లో ఉండటానికి నేను పనికిరానని వీరేశంగారు అన్నారు. పాలు పొంగించడానికి పనికొస్తానా అని ముందు తేల్చండి. తర్వాత ఎవరూ దోషమనకూడదు."

రామచంద్రంగారు ఆశ్చర్యంగా చూశారు. "దోషమా? కన్నెపిల్ల చేతిమీదుగ పొయ్యి వెలుగుడంటే ఇంటికి లక్ష్మి వచ్చినట్టు. అంతకంటే మంచిది శాస్త్రంల లేదు."

"అయితే శాస్త్రానికి అభ్యంతరం లేదన్నమాట."

"శాస్త్రానికి లేదు."

నాగేశ్వరి వీరేశం వైపు చూసింది. వీరేశం మామిడాకుల వైపు చూశాడు. ఒకే మనిషి, ఒకే కారణంచేత, ఒక గదికి అరిష్టమూ పక్క గదికి అదృష్టమూ ఎలా అవుతుందో ఆ క్షణంలో అతనికీ తోచి ఉండాలి, చెవులు ఎర్రబడ్డాయి.

"అట్లయితే చెల్లెలని బొట్టు పెట్టి పిలువు," అన్నారు రామచంద్రంగారు. "పిలిస్తేనే ఆడబిడ్డ. జల్ది గానీ."

వీరేశం కుంకుమ భరిణె తీసుకున్నాడు. అక్క ఇంటికి నడిచి వెళ్ళి పెట్టవలసిన బొట్టును, వద్దని పంపిన పిల్లకు, ఊరందరి ముందూ పెట్టాడు. "చెల్లె, వచ్చి పాలు పొంగియ్యి," అన్నాడు. నాగేశ్వరి చెప్పులు ఎప్పుడో విప్పింది. చేతిసంచీ భాగ్యమ్మకిచ్చి, పొయ్యి ముందు తూర్పుముఖంగా కూర్చుంది.

రేపల్లెలో ఆమె ఇంట్లో ఊకపొయ్యి. క్వార్టరులో కిరసనాయిలు స్టవ్వు. కట్టెల పొయ్యితో ఆమెకు పరిచయం తక్కువ. కర్పూరం వెలిగింది, ఆరింది. పుల్ల అంటుకుంది, పొగచూరింది. వంటిల్లంతా పొగ నిండి, లోపలున్న వాళ్ళంతా కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టారు. బయటనుంచి చూసేవాళ్ళకు సత్తెమ్మ రాలేదని ఇంటిల్లిపాదీ ఏడుస్తున్నట్టు కనిపించింది. "బోర్డు మీద తీగలు కలుపుడు గాదు ఇది," అంటూ భాగ్యమ్మ పక్కనే చతికిలబడి ఊదుగొట్టం అందించింది. నాగేశ్వరి ఊదింది. మళ్ళీ ఊదింది. కట్టెలు భగ్గుమన్నాయి. పాలు అంచులదాకా లేచి, ఒక్క క్షణం ఆగి, తూర్పువైపే పొర్లి పొయ్యిగట్టు మీదుగా కారాయి.

"తూర్పుకు పొంగినయ్," అన్నారు రామచంద్రంగారు తృప్తిగా, అప్పటికే పంచె సర్దుకుని లేస్తూ.

సరిగ్గా అప్పుడే వాకిట్లో ఎద్దుబండి ఆగింది.

సత్తెమ్మ దిగింది. తమ్ముడికంటే ఎత్తయిన మనిషి. కొత్త చీర, ముక్కుకు పెద్ద బేసరి, చేతిలో గుడ్డ కట్టిన పాలచెంబు. అలిగినవాళ్ళు ఎంతసేపు రాకూడదో, ఎప్పుడు వచ్చేయాలో ఆవిడకు బాగా తెలుసు. పొయ్యి వెలిగించే ముందు క్షణానికి సరిపోయేలా బయలుదేరింది. దారిలో ఎద్దు ఒకటి మొండికేయకపోతే సరిపోయేదే. గుమ్మంలోకి వచ్చి, పొర్లిన పాలను చూసి, పొయ్యి ముందు పొగమసి ముఖంతో కూర్చున్న కొత్త పిల్లను చూసి ఆగిపోయింది.

"ఏంది వీరేశం ఇది? ఎవలీ పిల్ల?"

"అక్కా, ముహూర్తం పోతున్నదని అయ్యగారు..."

"ముహూర్తం సంగతి అడుగలే. నుదుట బొట్టు ఎవలు పెట్టిన్రు?"

వీరేశం చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. వేలికి కుంకుమ ఇంకా అంటుకునే ఉంది.

"నాకు పెట్టేతందుకు నీకు చెయ్యి రాలే. తొవ్వల పోయే పిల్లకు పెట్టినవు. ఇగ నేనెందుకు ఈడ?" అని ఆవిడ పాలచెంబు గడప మీద పెట్టి వెనుదిరిగింది.

భాగ్యమ్మ ముఖం పాలిపోయింది. కొత్తింటి గడపనుంచి ఆడబిడ్డ అలిగి వెళ్ళిపోవడం కంటే ఆ ఇంటికి కీడు లేదని అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

నాగేశ్వరి లేచింది. ఆడబిడ్డకు ఇవ్వడానికని భాగ్యమ్మ పళ్ళెంలో సర్దిపెట్టిన పట్టంచు చీర, రవికబట్ట, తాంబూలం అప్పటికే ఆమె ముందు ఉన్నాయి. ఆ పళ్ళెం రెండు చేతులా ఎత్తి, వాకిట్లోకి వెళ్ళి సత్తెమ్మ ముందు నిలబడింది.

"ఇది మీదండి. నేను మీకు బదులుగా కూర్చున్నాను. పని మాత్రం చేశాను, హక్కు మీది. మిమ్మల్ని పిలవవలసినట్టు పిలవకపోవడం వీరేశంగారి తప్పే, అందులో సందేహం లేదు."

అంత సూటిగా తమ్ముడి తప్పును ఇంకొకరు చెప్తారని సత్తెమ్మ అనుకోలేదు. పళ్ళెం అందుకోలేదు గాని అడుగు ఆగింది.

"నువ్వెవరమ్మా? చుట్టమా?"

"కాదండి. గది అద్దెకు అడుగుదామని వచ్చాను."

"మరి ఇచ్చిండా?"

"లేదండి. పెళ్ళికాలేదని ఇవ్వలేదు."

సత్తెమ్మ నెమ్మదిగా తిరిగి తమ్ముణ్ణి చూసింది. ఇంతసేపూ ఆమె ముఖంలో ఉన్నది అలక. ఇప్పుడు వచ్చింది వేరే. వీరేశం చిన్నప్పటినుంచీ ఎరిగిన ముఖం అది. తప్పించుకోవడానికి చుట్టూ చూశాడు.

"ఇటు రా, వీరేశం. దీంతోని పొయ్యి వెలిగిపిచ్చుకున్నవా?"

"వెలిగిపిచ్చిన."

"చెల్లె అని పిలిచినవా?"

"పిలిచిన."

"మరి చెల్లెకు ఇంట్ల జాగ లేదన్నవా?"

"అప్పుడు చెల్లె గాదు గదక్కా."

పందిరి కింద ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. సత్తెమ్మ పెదవులు కూడా కొంచెం వణికాయి. కాని ఆవిడ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

"ఇది అలిగి పోతే ఎట్లుంటదో ఎరుకేనా? ఒక్క ఆడబిడ్డ అలిగినందుకే పొద్దటిసంది నీ బతుకు ఎట్లయ్యిందో చూస్తివి. ఇప్పుడు ఇద్దరమున్నం. ఇద్దరం ఒక్క బండి మీదనే పోతం. చెప్పు."

"నలుగురు ఏమంటరోనని నా ఫికర్ అక్కా," అన్నాడు వీరేశం దీనంగా.

"నలుగురేనా? జర ఆగు." సత్తెమ్మ పందిరి వైపు తిరిగింది. పెరటి పొయ్యిమీద ముందే ఉడికిన పరమాన్నం, ఆ పొంగిన పాలు కలిపి, అప్పుడే విస్తళ్ళలో పడుతోంది. "ఏమయ్యా పెద్దమనుషులు. ఈ పిల్ల చేతి పాలే మీరు తింటున్నరు. ఈ పిల్ల ఈ ఇంట్ల కిరాయికి ఉంటే ఏమన్న అనేటోళ్ళు ఉన్నరా? ఉంటే ఇస్తరాకు ముంగట నుంచి లేచి చెప్పండ్రి."

ఎవరూ లేవలేదు. పరమాన్నంలో బెల్లం బాగా కుదిరింది. ఒక ముసలాయన మాత్రం "ఇంకింత ఎయ్యమను" అన్నాడు.

"ఇగో, గా నలుగురు," అంది సత్తెమ్మ.

అప్పుడు ఆవిడ పళ్ళెం అందుకుంది. వీరేశం ఒక్కసారిగా పెద్ద బరువు దించుకున్నవాడిలా నవ్వేశాడు. అతను ఇవ్వడం మొదలుపెడితే చేయి ఆగే మనిషి కాదు. మొలలోంచి తాళంచెవుల గుత్తి తీసి, చిన్నగది చెవి విప్పి పట్టుకుని, "ఉండు చెల్లె, ఎన్నాళ్ళయిన ఉండు. నీతోని కిరాయి ఏం తీస్కుంట? తోడబుట్టినదాని లెక్కనే," అన్నాడు.

అందరూ సంతోషించారు. నాగేశ్వరి మాత్రం చేయి చాపలేదు.

"కిరాయి లేకుండానా?"

"వద్దే వద్దు. మా ఇంట్లనే తిను. గని ఒక్క మాట. చెల్లెవంటే ఇంటి మర్యాద మాది. గా పొద్దుమీకి షిఫ్టు మాన్పిస్త, మీ సారుతోని నేనే మాట్లాడుత. తాళంచెయ్యి మీ వదినె దగ్గరనే ఉంటది. ఎప్పుడొస్తే అప్పుడు తీస్తది."

నాగేశ్వరి ఆ తాళంచెవి వైపు చూసింది. చాలా దగ్గరగా ఉంది. తీసుకుంటే రేపల్లె బండి తప్పుతుంది, అమ్మణ్ణి పిన్ని లెక్క సరిపోతుంది, అందరూ మెచ్చుకుంటారు. ఇక్కడ వద్దంటే నెలాఖరులోగా మరో ఇల్లు దొరుకుతుందన్న ఆశ లేదు. ఒక్క నిమిషం ఆమె నిజంగానే తటపటాయించింది.

"వీరేశంగారూ, మీరు పెట్టిన బొట్టు నాకు గౌరవమే," అంది చివరికి. "కాని చెల్లెలైతే తాళంచెవి వదినగారి దగ్గర ఉంటుంది. కిరాయిదారైతే నా దగ్గర ఉంటుంది. నాకు కావలసింది రెండోదండి. పక్క గదికి వచ్చే సంసారుల దగ్గర ఎంత పుచ్చుకుంటారో నా దగ్గరా అంతే పుచ్చుకోండి. ఎక్కువ ఇవ్వలేను, తక్కువ ఇవ్వను. నా షిఫ్టు నేను చూసుకుంటాను. అలా కుదరదంటే చెప్పండి, పరమాన్నం తిని వెళ్తాను. కోపమేమీ లేదు."

వీరేశం తెల్లబోయాడు. ఉచితంగా ఇస్తానంటే వద్దన్న మనిషిని అతను బండలు తోలిన రోజుల్లోనూ చూడలేదు, లారీ కొన్నాకా చూడలేదు.

సత్తెమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. నవ్వు ముందు కళ్ళలోకి, తర్వాత బేసరి ఊగేటంతగా ముఖమంతా వచ్చింది.

"నాకీ తెలివి అప్పట్ల లేకపాయె," అంది. "అయ్య ఇంట్ల తాళం అమ్మ దగ్గర. అత్త ఇంట్ల తాళం అత్త దగ్గర. ఇప్పుడు కోడలు దగ్గర. నా ఒళ్ళె తాళంచెయ్యి ఎన్నడు పడలే. వీరేశం, ఇచ్చెయ్యి దానికి. కిరాయి తీస్కో. నోరు మూస్కో."

వీరేశం భాగ్యమ్మను చూశాడు. భాగ్యమ్మ అతని చేతిలోంచి చెవి తీసుకుని, నాగేశ్వరి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. "నాకు ఉన్న తాళాలు చాలు. ఇంకోటి కాయలేను," అంది.

ఆదివారం భూలక్ష్మి భర్త సైకిలు వెనక ట్రంకుపెట్టె కట్టుకుని వచ్చాడు. వరండా ఖాళీ అయినందుకు అమ్మణ్ణి పిన్ని కంటతడి పెట్టుకుని, రెండు పచ్చడి జాడీలు కట్టి ఇచ్చింది. భూలక్ష్మి కొత్త గదంతా కలయజూసి, "మొగుడు లేకుండనే గది సంపాయించినవు. ఇగ నా నల్లపూసలు నేనే ఏస్కుంట," అంది.

ఆ ముందురోజే నాగేశ్వరి ఒక పని చేసింది. బస్సు దొరకని దారిలో కొంత నడిచి, కొంత బండెక్కి పుప్పాలగూడ వెళ్ళింది. సత్తెమ్మ ఇల్లు కనుక్కుని, కుంకుమ భరిణె తీసి, ఆవిడ నుదుట బొట్టు పెట్టి, "రేపు నా గదిలో పాలు పొంగించాలి. మీరు వచ్చి పొంగించండి," అని పిలిచింది. కిరాయిగదిలో పాలు పొంగించడానికి ఆడబిడ్డను బొట్టు పెట్టి పిలవడం ఆ ప్రాంతంలో అంతకుముందెవరూ వినలేదు. సత్తెమ్మ మాత్రం అది కొత్తేమీ కాదన్నట్టు తల పంకించి, "ఏ వేళకు?" అని అడిగింది.

ఎద్దు ఈసారి మొండికేయలేదు. సత్తెమ్మ వేళకంటే ముందే వచ్చి, మూలనున్న పొయ్యిగట్టు ముందు కూర్చుంది. పుల్ల ఒక్కటే గీసింది. పొగ రాలేదు. పాలు ఒద్దికగా లేచి తూర్పుకు పొంగాయి.

"గిట్ల పొంగియ్యాలె," అంది నాగేశ్వరితో, పాత లెక్క ఒకటి తేల్చుకున్నట్టు.

అప్పుడు వీధి తలుపు దగ్గర చప్పుడైంది. వీరేశం వచ్చాడు. తాను కట్టించిన గోడలు, తాను పెట్టించిన తలుపు, తాను బిగించిన కొండీ. అయినా గడప దాటలేదు. తలుపు మీద రెండుసార్లు వేళ్ళతో తట్టి, భుజం మీద తువ్వాలు సర్దుకుని, పిలుపు కోసం నిలబడ్డాడు.

సత్తెమ్మ నోరు తెరవబోయి, ఆగి, నాగేశ్వరి వైపు చూసింది.

"లోపలికి రండి, వీరేశంగారూ," అంది నాగేశ్వరి.